హైదరాబాద్ నుంచి అండమాన్‌కు ఒంటరి ప్రయాణం: తక్కువ ఖర్చుతో ఎలా వెళ్ళి రావాలి

నలుగురు కలిసి అండమాన్ వెళితే కారు అద్దెను నాలుగు వాటాలు, గది అద్దెను రెండు వాటాలు వేసుకుంటారు. ఒక్కరే వెళ్ళినప్పుడు ఆ వాటాలన్నీ ఒకరి నెత్తినే పడతాయి. హైదరాబాద్‌లోని ట్రావెల్ ఏజెన్సీలు ఇచ్చే ప్యాకేజీలు ఒంటరి ప్రయాణికుడికి గిట్టుబాటు కాకపోవడానికి కారణం ఇదే. అవి జంటలను, కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్కలు. అందువల్ల మీరు ప్రయాణాన్ని మొదటి నుంచీ వేరే పద్ధతిలో వేసుకోవాలి. బస్సు, ఓడ, డార్మిటరీ మంచం, హోటల్ భోజనం వంటివి తలకింత అని డబ్బు తీసుకుంటాయి. ట్యాక్సీ, గది, ప్రైవేటు పడవ వంటివి బండికింత, గదికింత, పడవకింత అని తీసుకుంటాయి. మీ ప్రయాణంలో మొదటి రకం ఎంత ఎక్కువగా ఉంటే ఖర్చు అంత అదుపులో ఉంటుంది. నేను రెండుసార్లు ఒంటరిగా వెళ్ళి వచ్చాను. మొదటిసారి ఈ సూత్రం తెలియక చేతులు కాల్చుకున్నాను, రెండోసారి తెలుసుకుని వెళ్ళాను. కింద రాసినది రెండోసారి చేసిన పద్ధతి.

మొదటి పని: నెలను, తేదీలను నిర్ణయించుకోవడం

అండమాన్‌లో మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వర్షాలు, ఆ తరువాత ఈశాన్య రుతుపవనాల వర్షాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు ఉంటాయి కాబట్టి డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఉన్న కాలాన్నే ఎంచుకోవాలి. అందులోనూ క్రిస్మస్ నుంచి సంక్రాంతి సెలవులు ముగిసేదాకా విమానం టికెట్టు, గది అద్దె, ఓడ సీటు అన్నీ ఒక్కసారిగా ప్రియమవుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలలు నా దృష్టిలో అన్నిటికన్నా మంచివి: సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, మన పిల్లల పరీక్షల కాలం కావడంతో కుటుంబాల రద్దీ కూడా తగ్గుతుంది.

ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు పెట్టుకోండి. అంతకు తక్కువైతే సగం కాలం రేవుల దగ్గరే గడిచిపోతుంది. మూడు దీవులు చాలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో మూడు, నీల్‌లో రెండు, తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. దిగ్లీపూర్, బారాటాంగ్ కూడా చూడాలని ఎవరికైనా ఉంటుంది, కాని ఒంటరిగా, తక్కువ ఖర్చుతో వెళ్ళేవారికి ప్రతి కొత్త చోటూ ఒక అదనపు బండి ఖర్చే.

టికెట్ల కోసం వెతికేటప్పుడు పేర్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని 2018 డిసెంబరులో పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. కొన్ని టికెట్లలో పాత పేరు, కొన్నింటిలో కొత్త పేరు కనిపిస్తాయి. రెండూ గుర్తుంచుకుంటే రేవులో కంగారు పడనక్కరలేదు. భారతీయులకు ఈ మూడు దీవులకు ప్రత్యేక అనుమతి పత్రం అవసరం లేదు, కాని ఆధార్, ఓటరు కార్డు వంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు లేనిదే ఓడ ఎక్కనివ్వరు.

రెండో పని: వెళ్ళే దారి

శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా వెళ్ళే విమానంలో ప్రయాణం దాదాపు రెండున్నర గంటలు. నేరుగా వెళ్ళే సీటు దొరకని రోజున చెన్నై మీదుగా వెళ్ళవచ్చు. రెండు నెలల ముందుగా, మంగళ, బుధవారాల్లో బయల్దేరేలా చూసుకుంటే శుక్ర, శనివారాల ధరతో పోలిస్తే సాధారణంగా తేడా కనిపిస్తుంది. మధ్యాహ్నం లోపు దిగే విమానాన్నే తీసుకోండి. ఎందుకో ముందు ముందు చెబుతాను. తెల్లవారుజామున క్యాబ్ ఎక్కితే అది బండికింత లెక్క. నగరం నలుమూలల నుంచి విమానాశ్రయానికి వేళ కాని వేళల్లో కూడా నడిచే పుష్పక్ బస్సు తలకింత లెక్క.

ఓడ ప్రయాణం గురించి చాలామంది అడుగుతారు. విశాఖపట్నం నుంచి, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు ఉన్న మాట నిజమే, బంక్ తరగతి టికెట్టు విమానం కన్నా చాలా చవక అన్నదీ నిజమే. కాని ఒకవైపే రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది, విశాఖ నుంచి ఓడలు అరుదు, తేదీలు తరచుగా మారుతుంటాయి. పదిహేను రోజుల సెలవు ఉన్నవారికి, సముద్రం మీద ఉండటమే ఇష్టమైనవారికి అది అపురూపమైన ప్రయాణం. వారం సెలవు పెట్టి వెళ్ళే ఉద్యోగికి మాత్రం కుదరదు.

మూడో పని: ఓడ టికెట్లు

ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. విమానం టికెట్టు కొన్న తరువాత చాలామంది నేరుగా గదుల వేటలో పడతారు. అది తలకిందుల పద్ధతి. ముందు ఓడలు, తరువాత గదులు.

దీవుల మధ్య రెండు రకాల ఓడలు నడుస్తాయి. ఒకటి అండమాన్ పరిపాలన యంత్రాంగం నడిపే ప్రభుత్వ ఫెర్రీ. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే రేవు నుంచి బయల్దేరి హేవ్‌లాక్‌కు రెండున్నర గంటల్లో చేరుతుంది, టికెట్టు వందల్లోనే ఉంటుంది. రెండోది ప్రైవేటు కంపెనీల వేగమైన ఏసీ ఓడ. గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుతుంది, టికెట్టు వెయ్యి దాటుతుంది. ప్రైవేటు ఓడకు నెలల ముందే సీటు బుక్ చేసుకోవచ్చు. ప్రభుత్వ ఫెర్రీకి మాత్రం ప్రయాణానికి కొద్ది రోజుల ముందే ఆన్‌లైన్‌లో, కౌంటరులో టికెట్లు ఇస్తారు, స్థానికులకు వాటి అవసరం ఎక్కువ కనుక త్వరగా అయిపోతాయి.

నేను చేసేది ఇది: పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు, హేవ్‌లాక్ నుంచి నీల్‌కు ప్రభుత్వ ఫెర్రీ కోసం ప్రయత్నిస్తాను, దొరకకపోతే అప్పుడు ప్రైవేటు ఓడ తీసుకుంటాను. నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చే చివరి ప్రయాణానికి మాత్రం ముందే ప్రైవేటు ఓడలో సీటు కొని పెట్టుకుంటాను. అది కూడా విమానం ఎక్కే రోజుకు ఒక రోజు ముందుగా. మొదటిసారి నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఉదయం ఓడ, మధ్యాహ్నం విమానం అని లెక్క వేసుకున్నాను. ఆ ఉదయం గాలి ఎక్కువగా ఉందని ఓడ రద్దు చేశారు. ఓడ టికెట్టు డబ్బు తిరిగి వచ్చింది, విమానం టికెట్టు డబ్బు రాలేదు. మర్నాడు కొన్న కొత్త టికెట్టుకు నా మొత్తం ప్రయాణ ఖర్చులో మూడో వంతు అయింది. గాలివాన లేకపోయినా, కేవలం సముద్రం ఎగసిపడుతున్నా ఓడలు ఆపుతారు, ఆపడమే మంచిది కూడా. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో గడపడం అనవసరపు ఖర్చు అని ఎవరైనా చెబితే వినకండి.

రెండు ఓడల్లో ప్రయాణం వేరువేరుగా ఉంటుంది. ప్రైవేటు ఓడలో అద్దాలు బిగించిన గదిలో కూర్చుని వెళతారు, కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి అది కష్టం. ప్రభుత్వ ఫెర్రీలో పై డెక్కు మీదికి వెళ్ళి గాలిలో నిలబడవచ్చు. కూరగాయల బస్తాలు, గుడ్ల అట్టలు, తాడుతో కట్టిన కొత్త ఫ్యాను డబ్బా, బడి సంచులతో పిల్లలు అందరూ మీతోపాటే ఉంటారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నేను ఫోనులో తెలుగులో మాట్లాడటం విని, "ఏ ఊరు బాబూ మీది? ఒక్కడివే వచ్చావా?" అని అడిగి, చీర కొంగులో కట్టుకున్న ఉసిరి ముక్కలు రెండు తీసి చేతిలో పెట్టి, "నోట్లో ఏసుకో, కడుపులో తిప్పదు" అన్నారు. ఆమె అత్తవారు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేట కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటో ఎక్కినా, టిఫిన్ కోసం కూర్చున్నా తెలుగు వినిపిస్తుంది కాబట్టి ఒంటరిగా ఉన్నామన్న బెరుకు మొదటి రోజే చాలావరకు పోతుంది.

కడుపులో తిప్పే సమస్య తీవ్రంగా ఉన్నవారు డాక్టరును అడిగి వాంతులు రాకుండా ఉండే మాత్ర వెంట తెచ్చుకుని, ఓడ ఎక్కడానికి డాక్టరు చెప్పినంత ముందుగా వేసుకోవాలి. ఆ మాత్రతో నిద్రమత్తు వస్తుంది. దిగిన వెంటనే స్కూటర్ నడపకండి.

నాలుగో పని: బస, సామాను, డబ్బు

పోర్ట్ బ్లెయిర్‌లోనూ హేవ్‌లాక్‌లోనూ డార్మిటరీ మంచాలు దొరుకుతాయి, ఆడవారికి వేరే గదులున్నవి కూడా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజారు చుట్టుపక్కల చూసుకుంటే బస్టాండు, సెల్యులర్ జైలు, హోటళ్ళు అన్నీ నడక దూరంలో ఉంటాయి. హేవ్‌లాక్‌లో బీచ్‌లకు నంబర్లు ఉంటాయి. 3, 5 నంబర్ల బీచ్‌ల వైపు చవక బసలు ఎక్కువ. నీల్‌లో డార్మిటరీలు తక్కువ, చిన్న గెస్ట్‌హౌస్ గది లేదా వెదురు కాటేజీ తీసుకోవాలి. గదికింత లెక్క భరించేది ఆ రెండు రాత్రులే.

విమానం టికెట్టు పోను నేను వేసుకున్న లెక్క ఇలా ఉంది: డార్మిటరీ రాత్రికి 700 రూపాయలు, నీల్‌లో గది 1,200, తిండికి రోజుకు 500, ఓడలన్నిటికీ కలిపి 3,000, మూడు రోజుల స్కూటర్‌కు పెట్రోలుతో సహా 2,000, స్నార్కెలింగ్‌కు (నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ లోపలికి చూడటం), ప్రవేశ రుసుములకు, బస్సులకు మరో 2,000. ఎనిమిది రోజులకు అన్నీ కలిపి 17,000 దగ్గర తేలింది. ధరలు సీజన్‌ను బట్టి మారుతాయి కనుక మీ లెక్కలో పదోవంతు అదనంగా పెట్టుకోండి.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైన తరువాత ఇంటర్నెట్ మెరుగైంది, అయినా హేవ్‌లాక్, నీల్‌లలో సిగ్నల్ ఉన్నట్టుండి పోతుంది. అప్పుడు ఫోన్‌పే పనిచేయదు. ఐదారు వేలు నగదు, అందులో వంద, యాభై నోట్లు ఎక్కువగా ఉండేలా దగ్గర పెట్టుకోండి. ఓడ టికెట్లు, బస బుకింగ్‌లు కాగితం మీద ప్రింటు తీసుకోండి. ఏ రోజు ఏ దీవిలో, ఏ బసలో ఉంటారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. సిగ్నల్ లేని రోజున ఇంట్లోవారు భయపడకుండా ఉండటానికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

సామాను ఏడు కిలోలకు మించకుండా ఒకే వీపు సంచిలో సర్దుకోండి. రేవుల్లో దిగి ఎక్కేటప్పుడు మోసేది మీరే. రాళ్ళ మీద జారని రబ్బరు చెప్పులు, త్వరగా ఆరే తువ్వాలు, నీళ్ళు దూరని చిన్న సంచి సుల్తాన్‌బజార్‌లోనో జనరల్ బజార్‌లోనో చవకగా దొరుకుతాయి. ఆ చిన్న సంచి ఒంటరి ప్రయాణికుడికి తప్పనిసరి. మీరు నీళ్ళలో దిగినప్పుడు ఫోను, డబ్బు పట్టుకుని ఒడ్డున కూర్చునే తోడు ఉండదు. ఒక సీసా కొబ్బరినూనె కూడా పెట్టుకోండి. సాయంత్రాలు ఇసుకలో ఉండే ఈగలు కుడితే దద్దుర్లు వారం దాకా దురద పెడతాయి. కాళ్ళకు నూనె రాసుకోవడం స్థానికులు చేసే పని.

ఐదో పని: గడియారాన్ని మార్చుకోవడం

పోర్ట్ బ్లెయిర్ హైదరాబాద్‌కు దాదాపు 14 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మనకన్నా దాదాపు గంట ముందు నడుస్తాడు, గడియారం మాత్రం భారత కాలమానం ప్రకారమే ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం లోపు దిగే విమానం తీసుకోమన్నది అందుకే. మూడు గంటలకు దిగితే ఆ రోజు పోయినట్టే. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఉదయం నాలుగున్నరకు లేచి, రాత్రి తొమ్మిదికి పడుకోవడం అలవాటు చేసుకోండి. ఖర్చు లేని, జనం లేని, ఎండ లేని సముద్రం ఉదయం ఎనిమిదింటి లోపే మీకు దొరుకుతుంది.

దీవుల్లో ఏ రోజు ఏం చేయాలి

మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు చూడండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఈ జైలుకు మధ్య గోపురం నుంచి చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. గదులన్నీ ఒక విభాగం ముఖం మరో విభాగం వీపును చూసేలా కట్టారు, ఎదుటి ఖైదీ ముఖం కూడా కనిపించకూడదని. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారు. ఆయన తిరిగి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. హైదరాబాద్‌వారికి ఇంకా దగ్గరి పేరు ఒకటుంది. 1857 జులై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అలాఉద్దీన్‌ను ఈ దీవులకే పంపారు, ఆయన ఇక్కడే కన్నుమూశారు. అప్పటికి ఈ జైలు కట్టలేదు. ఆ రెసిడెన్సీలోనే ఏర్పడిన కోఠీ మహిళా కళాశాల ముందు నుంచి సిటీ బస్సులో రోజూ వెళ్ళే నాకు ఆ సంగతి అక్కడ నిలబడినప్పుడు కలిగించిన బాధ ఇప్పటికీ పోలేదు. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శనకు టికెట్టు ముందే తీసుకోండి.

హేవ్‌లాక్‌లో దిగగానే స్కూటర్ అద్దెకు తీసుకోండి. డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి; బండి ఇచ్చేముందు నాలుగు వైపులా గీతలు, సొట్టలు కనిపించేలా వీడియో తీసుకోండి, బ్రేకులు చూసుకోండి. అక్కడ జీపుల వారు ఒక బీచ్‌కు వెళ్ళి రావడానికి బండికింత అని అడుగుతారు, స్కూటర్ అయితే ఆ డబ్బుతో రోజంతా మీ దగ్గరే ఉంటుంది. బండి నడపడం రానివారు రేవు నుంచి రాధానగర్‌కు వెళ్ళే బస్సు ఎక్కవచ్చు, తిరిగి వచ్చే చివరి బస్సు వేళ డ్రైవరునే అడిగి తెలుసుకోండి. తూర్పు వైపున్న కాలాపత్తర్‌లో సూర్యోదయం, పడమటి వైపున్న రాధానగర్‌లో సూర్యాస్తమయం. రాధానగర్ రోడ్డు మధ్యలో అడవి ఉంటుంది, దీపాలు తక్కువ. పొద్దు గుంకిన అరగంటలో తిరుగు ముఖం పట్టండి.

అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి, మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసేచోట్ల వాటి భయం ఎక్కువ. హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలి లోతుకైనా దిగకండి. లైఫ్‌గార్డు కనిపించేచోటే ఈదండి. స్నార్కెలింగ్ తలకింత లెక్క మీద తీసుకువెళ్ళే జట్టుతోనే చేయండి. స్కూబా (గాలి సిలిండరుతో నీటి లోతుకు దిగడం) చేయాలనుకుంటే హేవ్‌లాక్‌లోనే ముగించండి. నీళ్ళ లోతుకు వెళ్ళి వచ్చిన తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, శరీరంలో కరిగిన నత్రజని విమానంలోని తక్కువ పీడనానికి బుడగలుగా మారే ప్రమాదం ఉంది.

నీల్ చిన్న దీవి, సైకిల్ చాలు. కూరగాయలు పండించే ఊళ్ళ మధ్య నుంచి వెళుతుంటే బెంగాలీ ఇళ్ళ ముందు అరటి, పోక చెట్లు కనిపిస్తాయి. అన్నం, పప్పు, చేప కూరతో థాలీ అక్కడి చిన్న హోటళ్ళలో కడుపునిండా పెడతారు. లక్ష్మణ్‌పూర్ రెండో నంబరు బీచ్‌లోని రాతి వంతెనను పోటు తగ్గిన వేళే చూడగలరు. ఆటుపోట్ల వేళలు బస యజమానిని అడిగి ఆ రోజు పనులన్నీ దాని చుట్టూ పెట్టుకోండి. నీళ్ళు వెనక్కి తగ్గాక రాళ్ళ గుంటల్లో ఒక్కచోట ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. గవ్వ అనుకున్నది నెమ్మదిగా లేచి నడుస్తుంది; లోపల సన్యాసి పీత ఉంటుంది. అది పెరిగిన కొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని మారుతుంది. మనం జేబులో వేసుకునే ప్రతి ఖాళీ గవ్వా దానికి దొరకని ఇల్లు.

చివరి రోజు విమానాశ్రయంలో సామాను తనిఖీలో గవ్వలు, పగడపు ముక్కలు దొరికితే తీసేసుకుంటారు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు కూడా కావచ్చు. మీరు ఏరకపోయినా, సంచి అడుగున ఇసుకతోపాటు చేరినవి ఉంటాయేమో ముందు రాత్రే దులిపి చూసుకోండి. తడి బట్టలు విడిగా కట్టుకోండి. శంషాబాద్‌లో దిగాక బయట పుష్పక్ బస్సులు ఆగేచోటు ఉంటుంది. మీ వైపు వెళ్ళే బస్సు నంబరు బయల్దేరే రోజే రాసి పెట్టుకుని ఉంటే, అలసటలో క్యాబ్ బుక్ చేసే తొందరపాటు ఉండదు.